తినే భాగం

ఝాన్సీని మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ తిరిగి చూడలేదు.

ఆరేళ్ల పిల్ల, మా అన్న కూతురు. నేను ఊళ్లో అడుగుపెట్టానని తెలిస్తే చాలు, చేతిలో సంచీ లాక్కుని బిస్కట్లు బయటపడేదాకా వదలని రకం. ఆ సోమవారం పొద్దున మాత్రం గడప మీద నాకు వీపు పెట్టి కూర్చుని ఒక్కతే గచ్చకాయలు ఎగరేసుకుంటోంది. శ్రావణం వాన అప్పుడే వెలిసింది. చూరు నీళ్లు కారడం తప్ప మా వాకిట్లో వేరే చప్పుడు లేదు. నాకూ తనకూ మధ్య నాలుగడుగులు. నన్ను ఏడిపిస్తోందేమో అనుకుని నేనూ నవ్వుతూనే దగ్గరకెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. పిల్ల ఉలిక్కిపడింది. నన్ను చూసి "అత్తా!" అని అరిచింది. ఎంత గట్టిగా అంటే పెరట్లో కోళ్లు చెదిరిపోయాయి.

"ఏమే, పిలిస్తే పలకవు?" అన్నాను.

అది నా కళ్లలోకి చూడలేదు. పెదాల వంక చూసింది. నేను మాట ఆపాక కూడా అక్కడే చూస్తూ ఉండిపోయింది, ఇంకా ఏమైనా వస్తుందేమో అన్నట్టు.

చప్పుడుకి కదలని ప్రాణుల్ని నేను అంతకుముందు చూశాను. అవి మా లాబ్‌లో ఎలుకలు. తిండిలో కోబాల్టు కలిపి పెట్టిన బోనుల ముందు నిలబడి నేనే చప్పట్లు కొట్టి, బెదిరినవి ఎన్ని, బెదరనివి ఎన్ని అని పుస్తకంలో రాసుకున్నాను. ముందు చెవులు పోతాయి. తర్వాత చూపు మసకబారుతుంది. ఆ తర్వాత గుండె కండరం వదులైపోతుంది. ఆ వరస నాకు కంఠతా వచ్చు.

"దానికి సెవిలో గుబిలి కట్టీసింది," అని లోపల్నించి కేకేసింది మా అమ్మ. "నూనె ఏసినాన్లే. తగ్గిపోద్ది. నువ్వు కాళ్లు కడుక్కో."

పొయ్యి దగ్గర నుంచి గడప దాకా ఎంత దూరమని అంత కేక? అమ్మ ఎప్పుడూ గొణుగుతున్నట్టు మాట్లాడే మనిషి. నేను వీధిలోకి వచ్చి నిలబడ్డాను. బోరింగు దగ్గర ఇద్దరాడవాళ్లు పక్కపక్కనే నిలబడి, ఏటికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉన్నట్టు అరుచుకుంటున్నారు. పోట్లాట కాదు, నవ్వుకుంటున్నారు. ఎవరింట్లోనో టీవీ మోత. నేను వస్తూ జీపు దిగినప్పుడే ఈ గోల విన్నాను. ఊరంతా హుషారుగా ఉందనుకున్నాను, నా తెలివికి!

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నా పేరు సీదరి కుసుమ. కాకరలొద్దిలో కాలేజీ మొహం చూసిన మొదటి ఆడపిల్లని. మా ఊరు బూరుగుకొండ నడుము మీద ఉంటుంది, నలభై ఇళ్లు. ఆ కొండ కడుపులో కోబాల్టు ఉంది. ఫోన్లకీ కార్లకీ వేసే బ్యాటరీల్లో అది కావాలట. అయిదేళ్ల కిందట ఒక కంపెనీ గొయ్యి తవ్వుతానని వచ్చింది. కొండ నెత్తి తీసేస్తే ఊటలు ఎండిపోతాయని తెలుసుకోవడానికి మావాళ్లకి ఏ శాస్త్రవేత్తా అక్కర్లేకపోయింది. మా అమ్మకి చెల్లెలి వరసయ్యే బుదరి పిన్ని వెళ్లి డ్రిల్లింగు లారీకి అడ్డంగా కూర్చుంది. ఆమె వెనక ఇరవైమంది ఆడవాళ్లు. పదకొండు రోజులు అక్కడే వండుకు తిన్నారు. లారీ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

వెళ్లిపోయిన కంపెనీ మళ్లీ నాతో కలిసి వచ్చింది. నగరంలో మా లాబ్ పెద్ద భుజంగరావుగారు అప్పటికి ఒక బూజుని తయారుచేశారు. అడవిలో చెట్ల వేళ్లని అంటుకుని ఉండే మామూలు బూజే, దాని గుణం మార్చారు. దాని దారాలు వెంట్రుక కంటే సన్నం. రాతి పగుళ్లలోకి దూరి, రాయిని కరిగించి, కోబాల్టుని ఏరి, చెట్టు వేరుకి అందిస్తాయి. చెట్టు దాన్ని ఆకుల్లోకి పంపుతుంది. ఫాల్గుణంలో ఆకు రాలుతుంది. రాలిన ఆకు ఊడ్చి కాలిస్తే బూడిదలో లోహం. గొయ్యి లేదు, పేలుడు లేదు, ఒక్క కొమ్మ నరకనక్కర్లేదు. తవ్వని గని!

దాని కోసం నేను పడి చచ్చాను. మూడేళ్ల కిందట కొండ మీద ఒక నల్లమద్ది చెట్టు మొదట్లో మన్ను తీసి, వేళ్లకి పట్టిన తెల్లటి దారాల్ని ఊరందరికీ చూపించాను. బుదరి పిన్ని ఒక వేరు తుంచి వాసన చూసింది.

"ఇది మద్దిచెట్టునే పట్టుకుంటాదా? పక్క సెట్టు మీదికి ఎల్లదా?"

"వెళ్లదు పిన్నీ. మద్దికి తప్ప దేనికీ అంటకుండా చేశాం."

"కంపెనీవోడు సెప్తే నమ్మను," అంది పిన్ని. "నువ్వు సెప్తన్నావు కాబట్టి సరే."

గ్రామసభలో చేతులెత్తారు. రెండు వందల ఎకరాల్లో ప్రయోగం మొదలైంది. ఇప్పుడు కొండ మొత్తానికి అనుమతి కావాలి. గురువారం మళ్లీ గ్రామసభ. ఊరివాళ్లతో ముందుగా నాలుగు మంచి మాటలు చెప్పి ఉంచమని లాబ్ నన్ను పంపింది. అందుకే వచ్చాను.

మధ్యాహ్నం అమ్మ నా కంచంలో కోటా బియ్యం అన్నం పెట్టింది. తను, వదిన, ఝాన్సీ మాత్రం గిన్నెల్లో జావ పోసుకున్నారు. మట్టిరంగు జావ, చిక్కగా ఉంది. నాకు వాసన తెలిసింది. ఇరవయ్యేళ్లయింది ఆ వాసన పీల్చి.

"టెంకంబలా?"

"మరేటి? శ్రావణం కదా," అంది అమ్మ. "ఈయేడు మామిడి ఇరగకాసింది. రెండు బస్తాల పిండయింది. నీకు పొయ్యలేదులే. హాస్టలుకెల్లిన కాడ్నించి నీకది పడదు కదా."

ఝాన్సీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని గటగటా తాగుతోంది. మూతి చుట్టూ జావ. చూస్తుంటే నా చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది. ఎందుకు పడిపోయిందో నాకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

మీకు తెలియకపోవచ్చు. మా వైపు మామిడిపండు తిని టెంక పారేయరు. ఎండబెట్టి, రాతితో పగలగొట్టి, లోపలి జీడి తీస్తారు. వగరు పోవడానికి గంపలో వేసి పారే నీళ్లలో నాలుగైదు రోజులు ఉంచుతారు. ఆరబెట్టి దంచితే పిండి. చేలో పంట ఇంకా చేతికి రాని ఈ రెండు నెలలూ ఆ పిండే మా కడుపు.

నేను ఆరో తరగతిలో కింద హాస్టల్లో చేరినప్పుడు అమ్మ ఒక డబ్బాలో ఆ పిండి పెట్టి పంపింది. గదిలో పదిమంది పిల్లలు డబ్బా మూత తీసి చూసి, ముక్కు మూసుకుని, "టెంకలు తినే పిల్ల" అని పేరు పెట్టారు. అయిదేళ్లు ఆ పేరే. డబ్బాని మరుగుదొడ్డి వెనక పారబోశాను. ఆ తర్వాత నా ఊరి తిండి గురించి ఎవరడిగినా అన్నం, పప్పు అని చెప్పడం నేర్చుకున్నాను.

పోయినేడు లాబ్‌లో భద్రత పరీక్షల ఫారం నింపింది నేనే. ప్రయోగం జరిగే అడవి చుట్టుపక్కల జనం తినే ప్రతిదీ రాసి, ఒక్కోదాన్నీ పరీక్షకి పంపాలి. బూజు మద్దికి తప్ప అంటదని మేమే చెప్పినా, అంటితే ఏమవుతుందో చూడటం నియమం. మామిడి అన్న చోట "తినే భాగం" అని ఒక గడి ఉంది. నేను "గుజ్జు" అని రాశాను. పక్క బల్ల దగ్గర కూర్చునే హైమవతి టెంక చేత్తో పట్టుకుని, "దీన్ని కూడా రుబ్బి పెట్టనా?" అని అడిగింది.

"ఛ, టెంకలెవరు తింటారు? పారెయ్," అన్నాను. నవ్వాను కూడా.

గుజ్జులో ఏమీ లేదు. ఫారం కింద నా సంతకం ఉంది.

ఝాన్సీ చేతిలో గిన్నె లాగేసుకున్నాను. జావ నేల మీద ఒలికింది. పిల్ల బావురుమంది. అమ్మకి కోపమొచ్చింది.

"ఏటే నీకు రోగం? పిల్ల నోటికాడి కూడు లాగీసినావు?"

"పిండికి బూజు పట్టిందమ్మా. వాసనొస్తోంది. పరీక్ష చేయించి తెస్తాను. రెండ్రోజులు తినకండి."

"మాయమ్మ తిన్నాది, నేను తిన్నాను, నువ్వు ఇదే తాగి పెరిగినావు. పరీచ్చలంట!"

అసలు సంగతి చెప్పలేదు. ఇంకా నిజం కాకపోవచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం, నాకు నోరు రాలేదు, అంతే. బియ్యం ఉన్నంతవరకూ పిల్లకి అన్నమే పెట్టమని వదిన చేతులు పట్టుకుని బతిమాలాను. ఊళ్లో మిగతా ముప్ఫై తొమ్మిది ఇళ్లకీ ఆ మాట కూడా చెప్పలేదు. సోమవారం సాయంత్రం, మంగళవారం, బుధవారం ఊరంతా టెంకంబలి తాగింది. తాగుతోందని నాకు తెలుసు.

ఒక పొట్లంలో పిండి కట్టుకున్నాను. జడ వేస్తానని ఝాన్సీని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెవి వెనక నుంచి చిటికెడు జుట్టు కత్తిరించాను. కత్తెర చప్పుడు దాని చెవి పక్కనే అయింది. పిల్ల తల తిప్పలేదు.

మర్నాడు జీపులో సంత ఊరికి, అక్కణ్నించి బస్సులో నగరానికి దిగాను. దారంతా పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ ప్రసాదమా అని అడిగింది. అవునన్నాను.

హైమవతి మారు మాట్లాడకుండా పిండినీ జుట్టునీ యాసిడ్‌లో కరిగించి యంత్రానికి ఎక్కించింది. బుధవారం పొద్దున కాగితం చేతికిచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. పిండిలో కిలోకి నాలుగువందల పన్నెండు మిల్లీగ్రాములు. పసిపిల్లకి రోజుకి ఒక మిల్లీగ్రాము కూడా ఎక్కువే. జుట్టులో ఉన్న అంకె చూసి, దశాంశ చుక్క తప్పు చోట పడిందేమో, మళ్లీ చెయ్యమన్నాను. "రెండోసారి చేసిందే అది," అంది.

కాగితం తీసుకుని భుజంగరావుగారి గదికి వెళ్లాను. అరవయ్యేళ్ల మనిషి, నెమ్మదస్తుడు. నన్ను కూతురిలా చూసి పని నేర్పిన మనిషి. కాగితం చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివారు.

"గింజలోకి ఎందుకు వెళ్లింది సార్?"

"ఆకులోకి పంపమని మద్దికి అలవాటు చేశాం. మామిడికి ఎవరు చేశారు?" అన్నారు. "పురుగు తినకుండా చెట్టు తన గింజని కాపాడుకోవాలి కదమ్మా. విషం దొరికింది. తీసుకెళ్లి అక్కడ దాచుకుంది."

మళ్లీ కాగితం చూసి, "ఈ చెట్లు మన హద్దుకి ఎంత దూరం?" అని అడిగారు.

"పిండి మా అమ్మది. మా మామిడి చెట్లు గెడ్డకి ఇవతల. రెండు కిలోమీటర్లు."

మూడేళ్లలో మూడు వందల గజాలు కూడా కదలదని లెక్కలు వేసిన బూజు అది. మద్దిని తప్ప ముట్టుకోదని చెప్పిన బూజు. గెడ్డ ఏటి కిందుగా రెండు కిలోమీటర్లు పాకి మామిడి వేళ్లు పట్టుకుంది. ఇంకా ఏం పట్టుకుందో, ఎక్కడిదాకా పోయిందో ఎవరికీ తెలియదు. కొండకి ఆ వైపు ఏడూళ్లు ఉన్నాయి.

"చంపలేమా సార్?"

"చంపొచ్చు. అది ఉన్న ప్రతి చెట్టునీ వేళ్లతో సహా చంపితే."

ఆయన లేచి తలుపు వేసి వచ్చారు. గొంతు తగ్గించి మాట్లాడారు. ఆ మాటలు నేను మర్చిపోలేను, ఎందుకంటే అందులో ఒక్కటీ చెడ్డమాట కాదు.

"చూడు కుసుమా. రేపు సభలో ఇది చెప్తే వాళ్లు వద్దంటారు. వద్దంటే కంపెనీ ఏం చేస్తుంది? గొయ్యి కాగితాలు పైన సిద్ధంగా ఉన్నాయి. ఈసారి పదకొండు రోజులు అడ్డం కూర్చుంటే తిరిగిపోవు, లారీలు పోలీసులతో వస్తాయి. కొండే ఉండదు. అదే మనం నెమ్మదిగా, టెంకలు తినకండి, ఆరోగ్యానికి మంచిది కాదు అని చెప్పించి, వైద్య శిబిరం పెట్టించి, పిల్లల్ని చూపించి..."

"టెంకల్లోకి ఎలా వచ్చిందని అడిగితే?"

"ఎవరడుగుతారు? టెంక ఎవరూ తినరని రాసింది నువ్వే కదా తల్లీ. సంతకం నీది."

బెదిరించలేదు. ఆయనకీ భయమే. ముప్ఫయ్యేళ్ల పని అది. ఆ గదిలో ఇద్దరం ఒకేలాంటి భయంతో ఒకరినొకరం చూసుకుంటూ నిలబడ్డాం. నేను కాగితం తీసుకుని బయటికి వచ్చేశాను. పెద్దాసుపత్రిలో తెలిసిన డాక్టరుతో మాట్లాడి, శుక్రవారం ఝాన్సీని చేర్చడానికి ఒప్పించాను. వినికిడి తిరిగి వస్తుందా అని అడిగాను. "తిండి ఆపితే కొందరికి వస్తుంది," అన్నాడు. మిగతావాళ్ల సంగతి నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

బస్సెక్కే ముందు ఒక్కసారి అనిపించింది, ఎక్కకుండా ఉండిపోతే ఏమని. నిజంగా అనిపించింది.

గురువారం సభ బడి ముందు పెట్టారు. కంపెనీవాళ్లు షామియానా వేయించారు, రెండు పెద్ద సౌండు బాక్సులు తెచ్చారు. వాన తుంపర. పంచాయతీ కార్యదర్శి తీర్మానం పుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన కంపెనీ అధికారి, ఆయన పక్కన భుజంగరావుగారు. ఎదురుగా టార్పాలిన్ మీద ఊరంతా. అమ్మ ముందు వరసలో ఝాన్సీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వచ్చీరాగానే వదినని పక్కకి పిలిచి అడిగాను. కోటా బియ్యం మంగళవారంతో అయిపోయాయట. బుధవారం పిల్లకి మళ్లీ జావే పోశారు.

కంపెనీ అధికారి మైకులో బాగా మాట్లాడాడు. "మీ ఊరి ఆడబిడ్డ, మీ గర్వకారణం," అని నన్ను పిలిచాడు.

మైకు చేతిలోకి తీసుకున్నాను. భుజంగరావుగారు నేల చూపులు చూస్తున్నారు.

"మూడేళ్ల కిందట బూజు మద్దిచెట్టుని తప్ప పట్టదని చెప్పాను," అన్నాను. "పట్టింది. మన మామిడి చెట్లని పట్టింది. టెంకలో విషం ఉంది. టెంకంబలి తాగినవాళ్లకి చెవులు పోతున్నాయి. ముందే తెలిసేది. పరీక్షకి పంపాల్సిన కాగితంలో నేను టెంక రాయలేదు. మనం టెంక తింటామని రాయడానికి నాకు సిగ్గేసింది."

చెప్పేశాను. ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు అరుస్తారు, తిడతారు, కొడతారు అని కళ్లు మూసుకున్నాను.

ఎవరూ కదల్లేదు. కళ్లు తెరిచి చూస్తే, ముందు వరసలో ఒక ముసలాయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని పక్కనున్నవాడిని అడుగుతున్నాడు.

"ఏటంటంది?"

"ఏటో సెప్తంది. మామిడి అంటంది."

వెనక వరసల్లో కొందరు తలూపుతున్నారు. ఊరి పిల్ల మాట్లాడుతోంది కాబట్టి మంచే అయి ఉంటుందని. ఒకామె చప్పట్లు కొట్టింది. ఆమెని చూసి ఇంకో నలుగురు కొట్టారు.

ఎలుకల బోనుల ముందు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. సౌండు బాక్సులు రెండూ పూర్తిగా పెంచమన్నాను. మళ్లీ చెప్పాను. ఈసారి కంపెనీ అధికారి లేచి మైకు లాక్కోబోయాడు. బుదరి పిన్ని వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. ఆమెకి వినబడిందో లేదో కానీ, ఒక మగవాడు ఊరి పిల్ల చేతిలోంచి ఏదో లాక్కుంటున్నాడని కనబడింది, అది చాలు. మూడోసారి మైకు పక్కన పెట్టి, టార్పాలిన్ మీదికి దిగి, ఒక్కొక్కరి ముందు కూర్చుని, నా పెదాలు వాళ్లకి కనబడేలా చెప్పాను. టెంకలో విషం. నేను రాయలేదు. సిగ్గుపడ్డాను. ఒక్కసారి చెప్పడానికే చచ్చిపోతాననుకున్న మాటని ముప్ఫైసార్లు చెప్పాను. వినబడినవాళ్లు పక్కవాళ్ల చెవుల్లో అరిచారు. కాసేపటికి నా సిగ్గు ఊరంతా అరుపులై తిరిగింది.

ఒకావిడ తన కొడుకుని దగ్గరకి లాక్కుని వాడి చెవి పక్కన చిటికె వేసి చూసింది. మళ్లీ వేసింది. పక్కామె కూడా తన పిల్లకి వేసి చూసింది. టార్పాలిన్ మీద అక్కడక్కడా చిటికెలు మొదలయ్యాయి. ఆ చప్పుడు నేను భరించలేకపోయాను.

కంపెనీ అధికారికి ఓపిక నశించింది. "ఇది వద్దంటే గొయ్యే. తెలుసుకోండి. మీకు వేరే దారి లేదు," అని మైకులో గట్టిగానే అన్నాడు.

బుదరి పిన్నికి అది వినబడింది. "లారీకి అడ్డంగా సెవులేసుకు కూకోలేదు బావూ, నడుములేసుకు కూకున్నాం," అంది. "నడుములు బాగానే ఉన్నాయి. రానీ."

చేతులెత్తమన్నారు. బూజు వద్దని ఎత్తారు. గొయ్యి వద్దని ఎత్తారు. కార్యదర్శి రెండు తీర్మానాలూ రాసి వేలిముద్రలు తీసుకున్నాడు. వానలోనే కంపెనీ కార్లు వెళ్లిపోయాయి. భుజంగరావుగారు మాత్రం ఎక్కలేదు. బడి మెట్ల మీద కూలబడి, ఎవరో ఇచ్చిన టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నారు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. బుదరి పిన్ని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మూడేళ్ల కిందట వేరు వాసన చూసినట్టే నా మొహం దగ్గరగా చూసింది.

"ఇంకేటి రాయనేదు?"

నాకు అర్థం కాలేదు.

"టెంక రాయడానికి సిగ్గేసింది. సరే. ఇంకేటేటికి సిగ్గేసింది నీకు? ఆ కాయితంలో ఎక్కనివి ఇంకేటున్నాయి?"

సంచీలోంచి ఫారం నకలు తీశాను. అందులో ఉన్నవి చదివాను. వరి. కంది. మామిడి గుజ్జు. అరటి. పనస తొన. తేనె. అంతే. అన్నీ నగరంలో ఎవరి ముందైనా చెప్పుకోదగ్గవే.

"వెదురుకొమ్ములు," అంది పిన్ని.

కాగితం వెనక్కి తిప్పి రాశాను. వెదురు వేళ్లు గెడ్డ గట్టంతా పరుచుకుని ఉంటాయి.

"పనసపిక్కలు," అన్నారెవరో.

"పుట్టగొడుగులు." అవి బూజే. బూజు బిడ్డలు. అవీ రాశాను.

"ఎర్రచీమల పచ్చడి." చీమలు మామిడాకుల్లోనే గూడు కడతాయి.

"అడవి దుంపలు." "ఇప్పపువ్వు." "జీలుగు కల్లు." "ఈతచెట్టు పురుగులు." "గెడ్డలో పీతలు." వెనకున్నవాళ్లు లేచి ముందుకొచ్చారు. వినబడనివాళ్లకి పక్కవాళ్లు సైగలతో చెప్పారు, వాళ్లూ గుర్తుచేసుకుని అరిచారు. నాకు చిన్నప్పుడు ప్రాణమైన తిండి, తర్వాత నేను ఎన్నడూ ఎవరికీ చెప్పని తిండి, ఒక్కొక్కటీ పేరు పేరునా వచ్చి కాగితం మీద కూర్చుంది. ఒక్కదాన్నీ పరీక్ష చెయ్యలేదు. ఏది తినొచ్చో, ఏది తినకూడదో నాకు తెలియదు. కాగితం నిండిపోయింది. భుజంగరావుగారు మెట్ల మీద నుంచి లేచి వచ్చి, జేబులోంచి ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

అప్పటిదాకా మా అమ్మ నోరు విప్పలేదు. నేను చెప్పింది ఆమెకి రెండోసారే వినబడిందని నాకు తెలుసు, ఎందుకంటే అప్పుడే తన ఒళ్లో పిల్లని గట్టిగా పట్టుకుంది. హాస్టల్లో డబ్బా ఏమైందో ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. లేచి నా దగ్గరికి వచ్చింది. ఝాన్సీ ఆమె కొంగు పట్టుకుని నిలబడి, నా పెదాల వంక చూస్తోంది.

వాన వెలిసి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇళ్లకి వెళ్లి పొయ్యి వెలిగించాల్సిన వేళ. ఎవరూ కదలకుండా ఉన్నారు.

"అన్నీ రాసీసినావా?" అంది అమ్మ.

"రాశానమ్మా."

"అయితే సెప్పు. సదువుకున్నావు కదా." గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "ఈ పూట పిల్లకి ఏటి పెట్టమంటావు?"